కత్తెర ఎవరి చేతిలో? – టర్కీ ముస్లిం స్త్రీల దుస్తుల చరిత్ర

ముస్లిం స్త్రీల దుస్తుల గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా మన చర్చ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. వేసుకోవాలా, తీసెయ్యాలా? అది అణచివేతకి గుర్తు అని ఒక పక్షం, అది ఆమె విశ్వాసం, ఆమె ఎంపిక అని ఇంకో పక్షం. రెండు పక్షాలూ ఆ బట్టని ఎక్కణ్ణుంచో ఊడిపడిన వస్తువులాగే చూస్తాయి. ఖద్దరు గురించి రాస్తే నూలు ఎవరు వడికారని అడుగుతాం. గద్వాల చీర గురించి రాస్తే మగ్గం గుంటలో కూర్చున్న మనిషి గురించి రాస్తాం. ముస్లిం స్త్రీ తల మీది బట్ట దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రశ్నలేవీ గుర్తుకు రావు. దాన్ని కూడా ఎవరో కొలిచారు, కత్తిరించారు, కుట్టారు, అమ్మారు. కొన్నిసార్లు ప్రభుత్వం కొలిచింది, కొన్నిసార్లు వ్యాపారి కొలిచాడు. ఎప్పుడో ఒకప్పుడు ఆ కత్తెర స్త్రీల చేతిలోకి కూడా వచ్చింది. అప్పుడేం జరిగింది, తర్వాత ఆ కత్తెర ఎటు పోయింది అన్నది ఈ వ్యాసం విషయం.

నిండుగా కప్పుకునే దుస్తుల్ని టర్కీలో 'తెసెత్తుర్' అంటారు. కప్పుకోవడం అనే అర్థమున్న అరబ్బీ ధాతువు నుంచి వచ్చిన మాట ఇది. ఇవాళ ప్రపంచమంతటా 'మోడెస్ట్ ఫ్యాషన్' పేరుతో నడుస్తున్న వ్యాపారానికి తొలి పెద్ద నమూనాల్లో ఒకటి టర్కీలోనే తయారయింది. రాజు, రిపబ్లిక్, నవలా రచయిత్రి, ఫ్యాక్టరీ యజమాని, న్యాయస్థానం, పత్రిక – ఇందరు ఆ బట్ట మీద చెయ్యి వేసిన దేశం ఇంకోటి కనిపించడం కష్టం. అందుకే టర్కీని తీసుకున్నాను.

టర్కీ మనకి మరీ దూరమేమీ కాదు. 1924లో ఒట్టోమన్ రాజవంశాన్ని దేశం నుంచి వెళ్ళగొట్టాక ఆ ఇంటి ఆడపిల్లలు దుర్రుషెహ్వార్, నిలోఫర్ 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో నిజాం కొడుకుల్ని పెళ్ళి చేసుకుని హైదరాబాదు వచ్చారు. నిలోఫర్ ఇక్కడ చీర కట్టింది, పరదా లేకుండా సభల్లో కనిపించింది. ఆమె పేరు మీదున్న ఆసుపత్రి మనందరికీ తెలుసు. 1935లో టర్కీ రచయిత్రి హాలిదె ఎదిప్ ఢిల్లీ జామియా మిలియాలో ఉపన్యాసాలివ్వడానికి వచ్చి, హైదరాబాదుతో సహా చాలా ఊళ్ళు తిరిగి, ఆ ప్రయాణం గురించి పుస్తకం రాసింది.

కాలరు వెడల్పు కొలిచిన రాజ్యం

ఒట్టోమన్ కాలంలో ఇస్తాంబుల్ ముస్లిం స్త్రీ బయటికి వెళ్ళాలంటే 'ఫెరాజె' అనే వదులు అంగీ, ముఖానికి 'యష్మక్' అనే పల్చటి గుడ్డ వేసుకునేది. వాటి మీద ఫర్మానాలు వస్తూనే ఉండేవి. 18వ శతాబ్దం మొదటి సగంలో వచ్చిన ఒక ఫర్మానా ఫెరాజె కాలరు ఎంత ఉండాలో, రిబ్బను ఎంత వెడల్పుండాలో కూడా నిర్ణయించింది. ఫర్మానా వచ్చిందంటేనే స్త్రీలు కాలర్లు పెంచుతున్నారని అర్థం. గుడ్డ పల్చబడుతోంది, రంగులు పెరుగుతున్నాయి, రాజ్యం వెనకాల పరిగెడుతోంది. ఫ్యాషన్ అనేది నిన్నగాక మొన్న పాశ్చాత్యుల నుంచి వచ్చి ముస్లిం స్త్రీల దుస్తుల్ని 'పాడుచేసింది' అనుకునేవాళ్ళు ఈ ఫర్మానాల్ని చూడాలి.

19వ శతాబ్దం చివర్లో 'చార్షఫ్' వచ్చింది. ఇవాళ నల్లటి చార్షఫ్‌ని చూసి అందరూ అతి పురాతనమైన సంప్రదాయం అనుకుంటారు. కానీ ఇస్తాంబుల్‌లో అది ఫెరాజెని వెనక్కి నెట్టిన కొత్త ఫ్యాషన్. 1892లో సుల్తాన్ అబ్దుల్‌హమీద్ దాన్ని నిషేధించాడు. ఒళ్ళంతా కప్పేసే ఆ బట్ట మాటున ఎవరున్నారో తెలియదన్నది ఆయన భయం. ఖలీఫా హోదాలో ఉన్న మనిషి చార్షఫ్‌ని నిషేధించడమేమిటని మనకి వింతగా ఉంటుంది. స్త్రీ బాగా కప్పుకోవడం కంటే తను గుర్తుపట్టగలిగేలా కప్పుకోవడం రాజ్యానికి ముఖ్యమన్నమాట. ఆ నిషేధం నిలబడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే స్త్రీలు తమ బట్టల గురించి తామే రాయడం మొదలుపెట్టారు. తొలితరం ఒట్టోమన్ నవలా రచయిత్రి ఫాత్మా ఆలియె (1862–1936) తన 'నిస్వాన్-ఇ ఇస్లామ్'లో ఐరోపా నుంచి వచ్చిన స్త్రీ అతిథులతో సంభాషణల రూపంలో ముస్లిం స్త్రీల జీవితాన్నీ, దుస్తుల్నీ చర్చించింది. 1895 నుంచి 1908 దాకా నడిచిన 'హనమ్లర మహ్సూస్ గజెతె' అనే స్త్రీల పత్రికలో స్త్రీల చదువు గురించిన వ్యాసాలతో పాటు కుట్టుపని, ఫ్యాషన్ సంగతులు కూడా ఉండేవి. ఆ పేజీల్ని మన సాహిత్య చరిత్రకారులు 'ఆడవాళ్ళ కాలక్షేపం' అని పక్కన పెడతారు. ఏ పరిమితిలోనైనా సరే, తన బట్ట కొలతలు తను తీసుకునే స్త్రీ మనకి అక్కడే కనిపిస్తుంది.

రిపబ్లిక్ కుట్టిన గౌను

1925లో ముస్తఫా కెమాల్ ప్రభుత్వం టోపీ చట్టం తెచ్చింది. ఫెజ్ పోయి హ్యాటు వచ్చింది. ఈ చట్టం మగవాళ్ళకే. స్త్రీల పరదాని నిషేధిస్తూ దేశమంతటికీ వర్తించే చట్టం ఎప్పుడూ రాలేదు. 1930లలో ఊరూరా మునిసిపాలిటీలు ముఖం ముసుగునీ, చార్షఫ్‌నీ నిషేధిస్తూ ఆదేశాలిచ్చాయి. ముసుగు తీసి బయటికి రాలేని స్త్రీలు కొందరు ఇల్లు కదలడమే మానేశారు. పక్కనున్న ఇరాన్‌లో రెజా షా 1936లో ఇంతకంటే కఠినంగా, పోలీసుల చేత చాదర్లు లాగించాడు. అదే ఇరాన్‌లో 1979 విప్లవం తర్వాత, 1983 నుంచి తల కప్పుకోకపోవడమే శిక్షార్హమైన నేరమైంది. 2022 సెప్టెంబరులో మహ్సా అమీని ఆ చట్టం పేరుతోనే పోలీసు కస్టడీకి వెళ్ళి ప్రాణం పోగొట్టుకుంది. తీసెయ్యమన్న రాజ్యం, వేసుకోమన్న రాజ్యం రెండూ స్త్రీ ఒంటి మీది బట్టనే తమ జెండా చేసుకున్నాయి.

టర్కీ రిపబ్లిక్ స్త్రీలకి చాలా ఇచ్చింది. 1926 పౌరస్మృతి బహుభార్యాత్వాన్ని రద్దు చేసింది, 1934లో జాతీయ ఎన్నికల్లో ఓటు హక్కు వచ్చింది. ఇవి చిన్న విషయాలు కావు. వీటితో పాటే కొత్త స్త్రీ ఎలా కనిపించాలన్న నమూనా కూడా తయారయింది. 1920ల చివరి నుంచి నడిచిన బాలికల ఇన్‌స్టిట్యూట్లలో ఆడపిల్లలకి ఆధునిక గౌన్లు కుట్టడం నేర్పారు. 1929లో ఒక దినపత్రిక అందాల పోటీలు మొదలుపెట్టింది. 1932లో కెరిమాన్ హాలిస్ బెల్జియంలో విశ్వసుందరి కిరీటం గెలిస్తే దేశం తన ఆధునికతకే బహుమతి వచ్చినట్టు సంబరపడింది. ఆధునిక టర్కీ స్త్రీ అంటే తల కప్పుకోని స్త్రీ అన్న సమీకరణం అలా స్థిరపడింది. పల్లెటూళ్ళలో లక్షలాది స్త్రీలు గడ్డం కింద ముడేసిన స్కార్ఫుతో పొలం పనులు చేస్తూనే ఉన్నారు. వాళ్ళ తల మీది గుడ్డ ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు, ఎందుకంటే వాళ్ళు యూనివర్సిటీ గుమ్మం దాకా రాలేదు.

ఇక్కడ ఒక చిన్న దుకాణం కథ చెప్పుకోవాలి. 1934లో వితాలి హక్కో అనే యూదు వ్యాపారి ఇస్తాంబుల్‌లో 'షెన్ షాప్కా' పేరుతో టోపీల కొట్టు పెట్టాడు. కొత్త రిపబ్లిక్ తల మీద కొత్త టోపీ పెట్టే వ్యాపారం అది. ఆ కొట్టే తర్వాత 'వక్కో' అయింది, పట్టు స్కార్ఫులకి పేరు పొందింది. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి తల కప్పుకునే సంపన్న స్త్రీలు కోరి కొనుక్కునే స్కార్ఫు అదే అయింది. మూలన ఉన్న బ్రాండు సంతకం పైకి కనిపించేలా మడత పెట్టుకోవడం కూడా మొదలైంది. టోపీ కోసం పుట్టిన కొట్టు స్కార్ఫుతో బతికింది. బట్ట అర్థం దాన్ని తయారుచేసిన వాళ్ళ చేతిలో నిలవదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కుట్టుపని నేర్చిన నవలా రచయిత్రి

1938లో కైసెరిలో పుట్టిన షులె యుక్సెల్ షెన్‌లెర్ బడి చదువు మధ్యలో మానేసి, ఇస్తాంబుల్‌లో ఒక ఆర్మేనియన్ దర్జీ దగ్గర కుట్టుపని నేర్చుకుంది. తర్వాత పత్రికల్లో రాసింది. 1960ల మధ్యలో, అప్పటిదాకా ఆధునిక దుస్తులు వేసుకున్న ఆమె తల కప్పుకోవాలని నిర్ణయించుకుంది. అప్పుడు ఆమెకెదురైన సమస్య ఏమిటంటే, చదువుకున్న పట్నపు స్త్రీ కప్పుకోదగ్గ బట్ట టర్కీలో లేదు. ఒకవైపు పల్లెటూరి స్కార్ఫు ఉంది. దాన్ని చూస్తే పట్నపు వాళ్ళకి పనిమనిషి గుర్తొస్తుంది. రెండోవైపు నల్ల చార్షఫ్ ఉంది. దాన్ని చూస్తే ఛాందసం గుర్తొస్తుంది.

షెన్‌లెర్ కుట్టుపని తెలిసిన మనిషి కాబట్టి సమస్యని దర్జీ కళ్ళతో చూసింది. స్కార్ఫుని జుట్టు, మెడ పూర్తిగా మూసేలా, ముఖం చుట్టూ తీరుగా అమరేలా కట్టే కొత్త పద్ధతి తయారుచేసింది. హాలీవుడ్ తార ఆడ్రీ హెప్‌బర్న్ స్కార్ఫు కట్టు నుంచి ప్రేరణ పొందిందంటారు. అమ్మాయిలు ఆ కట్టుకి ఆమె పేరే పెట్టుకుని 'షులెబాష్' అన్నారు, అంటే 'షులె తల'. దాని కింద పొడుగాటి కోటు, 'పార్దెసు'. ఫ్రెంచి నుంచి వచ్చిన ఈ మాటకి 'పైన వేసుకునేది' అని అర్థం. ఫ్రెంచి కోటు, హాలీవుడ్ కట్టు, ఆర్మేనియన్ దర్జీ నేర్పిన పనితనం కలిసి టర్కీ ఇస్లామిక్ దుస్తులు పుట్టాయి. స్వచ్ఛమైన సంప్రదాయమని ఎవరు చెప్పినా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పార్దెసుని కొంచెం జాగ్రత్తగా చూద్దాం. ఇరాన్ చాదర్‌కి ముందు గుండీలుండవు. గాలి వీస్తే చేత్తోనో పళ్ళతోనో పట్టుకోవాలి. పార్దెసుకి గుండీలు, నిండు చేతులు, జేబులు ఉన్నాయి. స్కార్ఫుని పిన్నీసు పట్టి ఉంచుతుంది. అంటే స్త్రీ రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఒక చేత్తో పుస్తకాలు, ఒక చేత్తో బస్సులో పైనున్న కడ్డీ పట్టుకోవచ్చు. అది చదువుకీ ఉద్యోగానికీ వెళ్ళే మనిషి బట్ట. ఇంట్లో కూర్చునే మనిషికి దాని అవసరమే లేదు. రూపం ఇచ్చిన మనిషి ఆశయం ఏదైనా, ఆ కుట్టులో ఒక ప్రయాణం దాగి ఉంది.

ఆశయం మాట కూడా చెప్పుకోవాలి. షెన్‌లెర్ స్త్రీవాది కాదు. స్త్రీ స్థానం ఇల్లూ కుటుంబమే అని రాసింది. ఆమె నవల 'హుజూర్ సొకా' 1969లో ధారావాహికగా వచ్చింది. 1970లో 'బిర్లెషెన్ యొల్లర్' పేరుతో సినిమా అయింది, ప్రముఖ తార తుర్కాన్ షొరాయ్ నాయిక. పాశ్చాత్య పద్ధతుల్లో పెరిగిన ధనిక యువతి చివరికి తల కప్పుకుని శాంతి పొందడం అందులో కథ. ఈ నవలని నేను సాహిత్యంగా గొప్పదనను. కానీ ఇల్లే స్త్రీ లోకమని బోధించిన ఆ రచయిత్రి అనతోలియా ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చింది. అధ్యక్షుణ్ణి అవమానించిందన్న నేరం మీద 1971లో జైలుకెళ్ళింది. ఆమె మాట ఒకటి, ఆమె బతుకు ఒకటి. ఆమెని అనుసరించిన వేలాది అమ్మాయిలు ఆమె మాట కంటే ఆమె బతుకునే ఎక్కువగా అనుసరించారు. వాళ్ళు యూనివర్సిటీలకి వెళ్ళారు. 1968లోనే అంకారా యూనివర్సిటీ మతశాస్త్ర విభాగంలో హాతిజె బాబాజాన్ అనే విద్యార్థిని స్కార్ఫుతో క్లాసుకి వచ్చినందుకు చదువు పోగొట్టుకుంది.

1991లో సామాజిక శాస్త్రవేత్త నిలుఫెర్ గొలె 'మొదెర్న్ మహ్రెమ్' అనే పుస్తకంలో ఈ వైరుధ్యాన్నే విశ్లేషించింది. తల కప్పుకున్న ఈ విద్యార్థినులు గతంలోకి వెళ్తున్నవాళ్ళు కారని, ఆధునికతలోకి తమ దారిన వస్తున్నవాళ్ళని ఆమె వాదన. లౌకికవాదులకీ, మతపెద్దలకీ ఈ వాదన మింగుడుపడలేదు.

ప్రభుత్వమే పేరు పెట్టిన ఫ్యాషన్

1980 సైనిక కుట్ర తర్వాత 1982లో ఉన్నత విద్యా మండలి యూనివర్సిటీల్లో స్కార్ఫుని నిషేధించింది. 1984లో అదే మండలి, 'ఆధునిక పద్ధతిలో కట్టిన తుర్బాన్' అయితే ఫరవాలేదంది. పల్లెటూరి స్కార్ఫుకీ తుర్బాన్‌కీ మధ్య గీత గీసే పని ప్రొఫెసర్ల మీద పడింది. ముడి ఎక్కడుంది, మెడ కనిపిస్తోందా లేదా అని గుమ్మం దగ్గర చూసేవాళ్ళు. రెండున్నర శతాబ్దాల కిందటి కాలరు ఫర్మానాకీ దీనికీ తేడా ఏముంది? 1987లో ఆ వెసులుబాటూ పోయింది. మళ్ళీ చట్టం తెచ్చి అనుమతిస్తే 1989లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది.

1997 ఫిబ్రవరి 28న సైన్యం ప్రభుత్వం మెడలు వంచిన తర్వాత నిషేధం మరీ బిగిసింది. ఇస్తాంబుల్ యూనివర్సిటీలో 'నచ్చజెప్పే గదులు' వెలిశాయి. స్కార్ఫుతో వచ్చిన అమ్మాయిల్ని లోపల కూర్చోబెట్టి తీసెయ్యమని ఒప్పించే గదులవి. అప్పుడు అమ్మాయిలు ఒక ఉపాయం కనిపెట్టారు. విగ్గు పెట్టుకున్నారు. తమ జుట్టు మీద ఇంకొకరి జుట్టు కప్పుకుని క్లాసుకి వెళ్ళారు. కొందరు టోపీ పెట్టుకున్నారు. ఏ ఫ్యాషన్ చరిత్ర పుస్తకంలోనూ ఈ విగ్గుకి చోటు ఉండదు. నా దృష్టిలో మాత్రం టర్కీ స్త్రీలు రూపకల్పన చేసుకున్న దుస్తుల్లో అన్నిటికంటే బాధాకరమైన దుస్తు అదే.

1999 మే 2న కొత్తగా ఎన్నికైన మెర్వె కవాక్చి స్కార్ఫుతో పార్లమెంటులోకి వచ్చింది. సభ గోల చేసింది, ప్రమాణం చెయ్యనివ్వలేదు, తర్వాత పౌరసత్వం కూడా పోయింది. అదే పార్లమెంటుకి ఇంకో పార్టీ తరఫున ఎన్నికైన నెస్రిన్ ఉనాల్ బయట స్కార్ఫు వేసుకునే మనిషే. ఆమె సభలోకి వచ్చేటప్పుడు తీసేసి ప్రమాణం చేసింది. ఒకామె వేసుకుని ఓడింది, ఒకామె తీసేసి గెలిచింది. వేసుకున్న పార్టీ మగవాళ్ళెవరినీ ప్రమాణం చెయ్యకుండా ఆపలేదు, వాళ్ళ తల మీద అలాంటి బట్ట లేదు కాబట్టి. వైద్య విద్యార్థిని లెయ్‌లా షాహిన్ ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2005 నవంబరులో ఆ న్యాయస్థానం నిషేధాన్నే సమర్థించింది.

ఈ కాలంలోనే ఇంకో పేరు మర్చిపోకూడదు. కొంజా కురిష్. స్కార్ఫు కట్టుకున్న ముస్లిం స్త్రీవాద రచయిత్రి. ఖురాన్‌ని స్త్రీలు తమంతట తాము చదివి అర్థం చేసుకోవచ్చని వాదించింది. 1998లో టర్కీ హిజ్‌బుల్లా అనే సాయుధ ముఠా ఆమెని ఎత్తుకుపోయింది. 2000 జనవరిలో శవం దొరికింది. స్కార్ఫు తీసెయ్యమని గుమ్మంలో ఆపిన వాళ్ళు ఒకవైపు, స్కార్ఫు కట్టినా నోరెత్తకూడదన్న వాళ్ళు ఒకవైపు.

ఫ్యాక్టరీ, ఫ్యాషన్ షో

1980లలో టర్కీ ఎగుమతుల వైపు తిరిగింది. బట్టల పరిశ్రమ బాగా పెరిగింది. 1982లో, అంటే నిషేధం వచ్చిన ఏడే, 'తెక్‌బీర్' అనే కంపెనీ మొదలైంది. దేవుడు గొప్పవాడని పలికే మంత్రాన్నే పేరుగా పెట్టుకుంది. షులెబాష్ ఇంట్లో కుట్టుకునేది, ఒకరిని చూసి ఒకరు నేర్చుకునేది. తెక్‌బీర్ దుస్తులు రెడీమేడ్‌గా వచ్చాయి. 1992లో ఆ కంపెనీ తెసెత్తుర్ ఫ్యాషన్ షో పెట్టింది. మామూలుగా తల కప్పుకోని మోడళ్ళు ఆ పూటకి కప్పుకుని వేదిక మీద నడిచారు. కప్పుకోవడాన్ని ఆకర్షణీయం చెయ్యడమే తన లక్ష్యమని యజమాని ముస్తఫా కరదుమాన్ చెప్పుకున్నాడు.

లౌకిక పత్రికలు వెక్కిరించాయి. అంతకంటే పదునైన విమర్శ లోపలి నుంచి వచ్చింది. తనే తల కప్పుకునే రచయిత్రి జిహాన్ అక్తాష్, దుస్తులకీ అధికారానికీ ఉన్న సంబంధం మీద చరిత్ర రాసిన మనిషి, ఈ సరుకుల సంస్కృతిని ప్రశ్నించింది. చూపుల నుంచి తప్పించుకోవడానికి కట్టుకున్న బట్ట చూపుల్ని ఆకర్షించే సరుకు అయితే మిగిలేదేమిటి? ఈ ప్రశ్న స్త్రీవాదులకి కొత్తది కాదు. బట్ట తక్కువైనా ఎక్కువైనా స్త్రీ దేహాన్ని అద్దాల బీరువాలో పెట్టడం మార్కెట్టుకి ఒక్కటే.

వర్గం సంగతి కూడా ఇక్కడే బయటపడింది. మానవశాస్త్రవేత్త జెన్నీ వైట్ ఇస్తాంబుల్ శ్రామిక వాడల్లో పరిశోధన చేసి, ఒకే స్కార్ఫు అందర్నీ సమానం చేస్తుందన్న మాట ఎంత బోలో చూపించింది. పట్టు స్కార్ఫు, మంచి లైనింగు కోటు వేసుకునే ఇల్లాలు వేరు, ఎండాకాలంలో చెమట పీల్చని సింథటిక్ కోటులో ఉడికిపోతూ బస్సు కోసం నిలబడే ఆడమనిషి వేరు. అదే పరిశోధకురాలు 1994లో వచ్చిన తన తొలి పుస్తకంలో ఇంటి దగ్గర ముక్కల లెక్కన కుట్టుపని, అల్లికపని చేసే స్త్రీల గురించి రాసింది. గంటల తరబడి పని చేస్తూ కూడా వాళ్ళు దాన్ని 'పని' అనలేదట. ఖాళీగా ఉండకుండా చేతులు కదిలిస్తున్నాం, అయినవాళ్ళకి సాయం చేస్తున్నాం అన్నారట. మన నరసాపురం వైపు లేసు అల్లే స్త్రీల గురించి 1980ల మొదట్లో మరియా మీస్ రాసిన పుస్తకం చదివినవాళ్ళకి ఈ మాటలు చాలా పరిచయంగా ఉంటాయి. 2011 తర్వాత సిరియా యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కాందిశీకులు లక్షల్లో టర్కీ చేరారు. వాళ్ళలో చాలామంది, పిల్లలతో సహా, ఏ రికార్డులోనూ లేని కూలీలుగా ఇస్తాంబుల్ కుట్టు షెడ్లలో చేరారు. ఫ్యాషన్ షో వెలుగు అక్కడిదాకా రాదు.

గెలిచాక ఏమైంది?

2010 తర్వాత యూనివర్సిటీల్లో నిషేధం సడలింది. 2013 అక్టోబరులో ప్రభుత్వ ఉద్యోగాల్లో తొలగింది. ఆ నెల 31న నలుగురు స్త్రీ సభ్యులు స్కార్ఫులతో పార్లమెంటులోకి వస్తే ఎవరూ గోల చెయ్యలేదు. ఇది నిజమైన గెలుపు, దీన్ని తక్కువ చెయ్యకూడదు. స్కార్ఫు కట్టిన డాక్టరు, జడ్జి, లెక్చరరు టర్కీలో ఇప్పుడు ఉన్నారు.

మార్కెట్టు కూడా అప్పుడే విజృంభించింది. 2011లో 'ఆలా' అనే పత్రిక వచ్చింది, నున్నటి కాగితం మీద తెసెత్తుర్ ఫ్యాషన్. మొదలుపెట్టింది ఇద్దరు మగవాళ్ళు. అదే ఏడు కెరిమ్ త్యురె 'మొదానిసా' అనే ఆన్‌లైన్ వ్యాపారం ప్రారంభించాడు. 2016 మేలో ఇస్తాంబుల్ పాత రైల్వే స్టేషన్ హైదర్‌పాషాలో మోడెస్ట్ ఫ్యాషన్ వీక్ జరిగింది. అదే ఏడు మొదట్లో ఇటలీ కంపెనీ డోల్చే అండ్ గబ్బానా అబాయాలు ప్రకటించింది. 2017లో నైకీ క్రీడాకారిణుల హిజాబ్ ప్రకటించింది. 2019లో ప్రపంచ ముస్లింలు బట్టల మీద, చెప్పుల మీద 27,700 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టారని ఒక ప్రసిద్ధ నివేదిక లెక్క. మగవాళ్ళ చొక్కాలు, పిల్లల చెప్పులు అన్నీ కలిపిన లెక్క అది. దాన్నే మోడెస్ట్ ఫ్యాషన్ విలువగా చెప్పి పెట్టుబడులు అడిగేవాళ్ళకి కొదవలేదు.

స్త్రీ చేతిలో కత్తెర ఉంటే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఆ రోజుల్లోనే టర్కీ బయట, ఆస్ట్రేలియాలో ఉంది. లెబనాన్‌లో పుట్టి సిడ్నీలో స్థిరపడ్డ అహెదా జనెట్టి, తన మేనకోడలు హిజాబ్‌తో నెట్‌బాల్ ఆడలేక అవస్థ పడటం చూసింది. ఆటకి వీలైన బట్టలు కుట్టడం మొదలుపెట్టి, 2004లో ఈతకి పనికొచ్చే 'బుర్కినీ' తయారుచేసింది. అప్పటిదాకా ఒడ్డున కూర్చున్న ఆడపిల్లలు నీళ్ళలోకి దిగారు. 2016 వేసవిలో ఫ్రాన్సు తీర పట్టణాలు దాన్ని నిషేధించాయి. ఆగస్టు 26న అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం ఒక పట్టణం నిషేధాన్ని నిలిపేసింది. షులెబాష్ కథే మళ్ళీ జరిగింది. ఒక స్త్రీ అవసరాన్ని చూసి కుట్టింది, బట్ట ఒక గుమ్మం తెరిచింది, రాజ్యం వచ్చి ఆ గుమ్మంలో నిలబడింది.

టర్కీలో కథ ఇంకో మలుపు తిరిగింది. నిషేధం పోయాక, తల కప్పుకుని పెరిగిన కొందరు యువతులు స్కార్ఫు తియ్యాలనుకున్నారు. 2019 జనవరిలో చాలామంది స్కార్ఫుతో ఉన్న పాత ఫోటో, లేకుండా ఉన్న కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి ప్రకటించారు. ఇంట్లోవాళ్ళు, ఇరుగుపొరుగు ఎంత ఒత్తిడి పెట్టారో రాశారు. 2018లో కొందరు ముస్లిం స్త్రీవాదులు 'హవ్లె' అనే సంఘం పెట్టుకున్నారు. 2021లో ప్రభుత్వం స్త్రీలపై హింసని అరికట్టే ఇస్తాంబుల్ ఒప్పందం నుంచి వైదొలిగితే వ్యతిరేకించిన వాళ్ళలో స్కార్ఫు కట్టుకున్న స్త్రీలూ ఉన్నారు. స్కార్ఫు హక్కు ఇచ్చామని చెప్పుకునే ప్రభుత్వం స్త్రీ ప్రాణానికున్న రక్షణని తీసేసిందని వాళ్ళు గుర్తుపట్టారు.

మనం అడగాల్సినవి

ఈ చరిత్ర చదివాక, బట్ట దానంతట అది విముక్తీ కాదు, సంకెలా కాదు అని చెప్పి ఊరుకోవచ్చు. అది సులువైన ముగింపు. నాకు కనిపించింది ఇంకొంచెం నిర్దిష్టమైనది. ఏ బట్టనైనా మూడు ప్రశ్నలు అడగాలి. దీని కొలత ఎవరు తీశారు? ఇది వేసుకుంటే ఏ గుమ్మం తెరుచుకుంటుంది, తీసేస్తే ఏ గుమ్మం మూసుకుంటుంది? కుట్టిన చేతికి ఎంత దక్కింది? మొదటి ప్రశ్న అడగనివాళ్ళు మతపెద్దలు, రెండోది అడగనివాళ్ళు నిషేధాలు పెట్టేవాళ్ళు, మూడోది అడగనివాళ్ళు వ్యాపారులు. స్త్రీవాదులం మూడూ అడగాలి.

2022లో కర్ణాటక కాలేజీ గేట్ల దగ్గర ఆడపిల్లలు హిజాబ్ తీసి సంచీలో పెట్టుకుంటున్న దృశ్యాలు మనం చూశాం. ఆ ఏడు అక్టోబరు 13న సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో తీర్పు చెప్పారు. మన చర్చ మళ్ళీ 'వేసుకోవాలా, తీసెయ్యాలా' దగ్గరే ఆగింది. ఇస్తాంబుల్ అమ్మాయిల విగ్గుల కథ తెలిసి ఉంటే, గేటు దగ్గర పోయేది బట్ట కాదు చదువు అని మనం ఇంకా గట్టిగా చెప్పగలిగేవాళ్ళం. ఇంట్లో బలవంతం మీద కట్టుకున్న పిల్ల పక్షాన కూడా అదే గొంతుతో మాట్లాడగలిగేవాళ్ళం.

తెలుగులో 1998 నాటి 'జల్‌జలా' తర్వాత ముస్లింవాద సాహిత్యం బలంగా వచ్చింది. షాజహానా తన కవితా సంపుటికి 'నఖాబ్' అనే పేరు పెట్టింది. లోపలి నుంచి వచ్చిన ఆ గొంతులు మన స్త్రీవాదాన్ని ప్రశ్నించాయి, సరిదిద్దాయి. ఇక రావలసింది ఆ బట్ట తయారీ చరిత్ర. చార్మినార్ చుట్టుపక్కల కొట్లలో వేలాడే బురఖాలు ఏ ఊరి గుడ్డ, ఏ దేశపు కత్తిరింపు, ఏ ఇంటి ఆడవాళ్ళ చేతి కుట్టు? గల్ఫుకి వెళ్ళొచ్చిన కుటుంబాలతో పాటు ఏ నమూనాలు వచ్చాయి, ఏవి పోయాయి? నానమ్మ ఏం వేసుకునేది, మనవరాలు ఏం కుట్టించుకుంటోంది? ఈ ప్రశ్నలకి జవాబులు ఏ గ్రంథాలయంలోనూ దొరకవు. పాతబస్తీ ఇళ్ళల్లో కుట్టుమిషను ముందు కూర్చున్న స్త్రీలకి తెలుసు. వాళ్ళని అడిగి రాయాల్సిన పని మన ముందుంది. ఆ పుస్తకాన్ని ఆ ఇళ్ళల్లోంచే ఒక అమ్మాయి రాస్తే ఇంకా మంచిది.